పై ఊరివాడి కొంప

గోవాలో పణజి నగరం ముందు, మాండవి నదిలో లంగరేసిన క్యాసినో ఓడలు రాత్రంతా వెలుగుతుంటాయి. 1976 నాటి జూద చట్టాన్ని 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలోని స్లాట్ మెషీన్ల కోసం, 1996లో ఓడల మీది జూదం కోసం సవరించి ప్రభుత్వమే వీటికి దారి తెరిచింది. నదీ, రోడ్లూ తమవి కాకుండా పోయాయని బాధపడే పణజివాసులున్నారు. ఆమ్ ఔరత్ ఆద్మీ అగైనెస్ట్ గ్యాంబ్లింగ్ వంటి సంఘాలు పోరాడాయి. అయితే ఓడల మీద బతికే ఉద్యోగుల్లో, టాక్సీవాళ్లలో కూడా ఆ ఊరివాళ్లున్నారు. ఈ రెండు వర్గాలకూ నచ్చజెప్పేలా ఒక నిబంధన వచ్చింది: 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాసులు క్యాసినోలో ఆడకూడదు. నన్ను ఓడలకన్నా ఈ నిబంధనే ఎక్కువ కలవరపెడుతుంది.

ఆటలో కొంపలు కూలతాయని ఒప్పుకుంటేనే కదా సొంతవాళ్లను ఆపేది! సింగపూర్‌దీ ఇదే తర్కం: అక్కడి పౌరులు, శాశ్వత నివాసులు రోజు ప్రవేశానికి 150 సింగపూర్ డాలర్లు కట్టాలి, విదేశీయులకు ఆ రుసుము లేదు. వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, ఇష్టపడే వస్తారంటారు. గోవావాడూ పెద్దవాడే, అతని ఇష్టాన్ని కాదన్న కారణం నిజమైతే, హైదరాబాద్ నుంచి వచ్చినవాడి విషయంలోనూ అది నిజమే. పిలిచినవాడి బాధ్యతా ఉంది: మహాభారతంలో ధృతరాష్ట్రుడు కొత్త సభ కట్టించి పాండవులను చూడ రమ్మన్నాడు. పాచికల ముందు కూర్చున్నది ధర్మరాజే, అయినా పిలిచినవాడి తప్పు అతని తప్పులో కలిసిపోలేదు. అతిథిగా పిలవడంతోనే వచ్చినవాడి క్షేమం కొంత పిలిచినవాడి మీద పడుతుంది.

కౌటిల్యుడు జూదానికి అధ్యక్షుణ్ణి పెట్టి, గెలుపులో నూటికి ఐదు రాజుకు రాబట్టమన్నాడు కదా అనవచ్చు. నిజమే. కాని మోసపు పాచికలనూ, చాటుగా బతికే దొంగలనూ పట్టుకోవడం కూడా ఆ ఏర్పాటులో భాగం. పై ఊళ్లవాళ్లకు ఎర వేయడం కాదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: ప్రభుత్వం ముందు తన ప్రజలను చూసుకోవద్దా? చూసుకోవాలి. తన బిడ్డకు ముందు అన్నం పెట్టుకోవడం ధర్మమే, తన బిడ్డకు వద్దన్నదాన్ని పొరుగు బిడ్డకు అమ్ముకోవడం వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి; అలా ఇక్కడ ఆపిన మనిషే గోవాలో పర్యాటకుడవుతాడు. ఓడ ఉద్యోగి జీతం పోవాలని నేననను, అతనికి వేరే బతుకుతెరువు చూపాల్సింది ఓడలకు అనుమతిచ్చిన ప్రభుత్వమే. ఓడిపోయినవాడి భార్య ఉండేది కర్నూలులోనో కరీంనగర్‌లోనో కావచ్చు. పణజి లాభనష్టాల లెక్కలో ఆమె కూడా ఉండాలి.