మొక్కే కదా అనుకోవచ్చా?

దొంగతనం అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి తాళం పగిలిన బీరువా, మాయమైన నగలు, బస్సులో కోసిన జేబు. పక్కింటి పెరట్లోంచి చెప్పకుండా విరుచుకు వచ్చిన మల్లె కొమ్మ, గట్టు మీద నడుస్తూ పెరుక్కు వచ్చిన గుప్పెడు మిరప నారు ఆ లెక్కలోకి రావు. పైగా మనీప్లాంట్‌ను కొనకూడదనీ, అడగకూడదనీ, ఎవరికీ తెలియకుండా తెచ్చి పెడితేనే ఇంట్లో డబ్బు నిలుస్తుందనీ ఒక నమ్మకం మన సమాజంలో పాతుకుపోయింది. ముస్లిముల ఇళ్ళలో కూడా ఈ మాట వినిపించటం విచారకరం. ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే అని విశ్వసించే వ్యక్తి, ఒక తీగ వల్ల సంపద పెరుగుతుందని, అదీ దొంగిలిస్తేనే పెరుగుతుందని ఎలా నమ్మగలడు? ఇందులో ఒకటి కాదు, రెండు తప్పులున్నాయి. ఒకటి విశ్వాసానికి సంబంధించినది. రెండోది పొరుగువారి హక్కుకు సంబంధించినది.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల వారికి ఇది కొట్టిపారేయదగిన విషయం కాదు. 1906 నుండి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న ఊరు నంద్యాల. కుందూ నది, కె.సి. కాలువ నీటి మీద ఇక్కడి సేద్యం నడుస్తుంది. ఎకరాల కొద్దీ వరి, అరటి, పసుపు పండించే రైతుల పక్కనే, కొద్ది సెంట్ల నేల కౌలుకు తీసుకుని ఆకుకూరలు, వంగ, మిరప వేసుకుని బతికే కుటుంబాలూ ఉన్నాయి. జుమా నమాజు తరువాత మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఇటువంటివి కూడా ఉంటాయి: "మా మడిలో మొక్కలు పోతున్నాయి, పట్టుబడినవాణ్ణి నాలుగు తన్నవచ్చా?" "పోతే పోయిందని ఊరుకుంటే పుణ్యమేనా?" "ఎప్పుడో అడక్కుండా తెచ్చి నాటిన మొక్క ఇప్పుడు చెట్టయింది, దాని పండు మాకు హలాలేనా?" ఈ ప్రశ్నలకు ఇస్లాం ఏమి చెబుతుందో చూద్దాం.

మదీనాలో ఒక మొక్క దొంగతనం

సరిగ్గా ఇటువంటి సంఘటనే మదీనాలో జరిగింది. దీనిని ఇమామ్ మాలిక్ (రహ్మలై) తన మువత్తాలోనూ, ఇమామ్ అబూదావూద్ (రహ్మలై) తన సుననులోనూ పొందుపరిచారు. ఒక బానిస ఒకరి తోటలోంచి ఖర్జూరపు పిలక మొక్కను దొంగిలించి, తన యజమాని తోటలో నాటాడు. మొక్క పోగొట్టుకున్న వ్యక్తి వెతుక్కుంటూ వెళ్ళి దానిని గుర్తుపట్టాడు. అప్పటి మదీనా గవర్నరు మర్వాన్ బిన్ హకమ్‌కు ఫిర్యాదు చేశాడు. మర్వాన్ ఆ బానిసను నిర్బంధించి, చేయి నరికించాలనుకున్నాడు. బానిస యజమాని కలత చెంది హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) వద్దకు వెళ్ళాడు. చెట్టు మీది పండ్లకు, ఖర్జూరపు మొవ్వుకు చేయి నరికే శిక్ష లేదని దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని ఆయన తెలిపారు. తెలిపి ఊరుకోలేదు. స్వయంగా మర్వాన్ దగ్గరకు నడిచివెళ్ళి ఆ హదీసు వినిపించారు. బానిస విడుదలయ్యాడు.

శిక్ష తప్పింది కాబట్టి పని ధర్మసమ్మతమైపోయిందా? ఎంతమాత్రం కాదు. మరో హదీసులో దైవప్రవక్త (సఅసం) ఈ విషయాన్ని విడమరచి చెప్పారు. ఆకలిగొన్నవాడు తోటలో చెట్టు మీది పండు అక్కడే తిని, కొంగున కట్టుకోకుండా వెళితే అతనిపై ఏమీ లేదు. మూటగట్టుకుని పోయేవాడు మాత్రం దానికి రెట్టింపు నష్టపరిహారం చెల్లించాలి, దండన కూడా అనుభవించాలి. ఆకలి వేరు, ఆశ వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఆ ఒక్క మాటలో స్పష్టమైపోయింది.

మొక్క ఖరీదు ఎంత?

"నర్సరీలో పది రూపాయలకు దొరికే మొక్క! దానికింత రాద్ధాంతమా?" అని కొందరంటారు. మొక్క ఖరీదును నర్సరీ ధరతో కొలవటమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు. నారు పోసి, నీళ్ళు పెట్టి, అదను చూసి నాటిన మిరప మొక్కను ఒకడు రాత్రికి రాత్రి పెరుక్కుపోతే, మరునాడు అదే ధరకు ఇంకో మొక్క కొనవచ్చు. కాని దాటిపోయిన అదను కొనలేము. కౌలు డబ్బు ముందే కట్టిన పేదరాలికి ఆ వరుస ఖాళీ అయితే పోయింది మొక్క కాదు, ఆ కారు పంట. మొక్క అంటే ఒకరి కష్టం, ఒకరి కాలం. దొంగ ఎత్తుకుపోయేది ఆ కాలాన్నే.

ఈ సూక్ష్మం హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) తీర్పులో కనిపిస్తుంది. కొందరి గొర్రెలు రాత్రివేళ ఒకరి చేనిలో పడి మేసిన వ్యాజ్యం గురించి దివ్య ఖుర్ఆన్ అంబియా సూరాలో ప్రస్తావన ఉంది. వ్యాఖ్యాతలు తెలిపిన వివరాల ప్రకారం, నష్టానికి బదులుగా గొర్రెలను చేను యజమానికి ఇచ్చేయాలని హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) భావించారు. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) మరో మార్గం చూపారు. చేను మునుపటిలా ఎదిగేదాకా గొర్రెల పాలు, ఉన్ని చేను యజమాని వాడుకోవాలి. గొర్రెల యజమాని ఆ చేనును సాగుచేసి, ఎలా ఉన్న చేను అలా అప్పగించి తన గొర్రెలను తీసుకువెళ్ళాలి. అంటే పోయిన పైరుకే కాదు, పోయిన కాలానికి కూడా పరిహారం దొరికింది. తప్పు చేసినవాడు నాశనమైపోలేదు, తాను చెడగొట్టినదాన్ని తన చేతులతోనే బాగుచేశాడు.

మన దేశ చట్టంలో కూడా ఈ దిశగా ఒక అడుగు పడింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, 5,000 రూపాయలకు లోబడిన సొత్తును దొంగిలించి మొదటిసారి దోషిగా తేలిన వ్యక్తి, ఆ సొత్తునో దాని వెలనో తిరిగి ఇచ్చేస్తే, సమాజ సేవను శిక్షగా విధిస్తారు. నేలలో పాతుకుని ఉన్న మొక్కను నేల నుండి వేరుచేసిన క్షణం నుండే అది దొంగతనం కిందికి వస్తుందని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. కనుక మొక్కే కదా అన్న మాట ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు, లోకంలోనూ, పరలోకంలోనూ.

అందరి సొమ్ము

వీధి మధ్యలో మున్సిపాలిటీ నాటిన మొక్క, ఖబరస్తాన్‌లో నీడనిచ్చే చెట్టు, మసీదు ఆవరణలోని పూలకుండీ ఎవరివీ కావనుకుంటాం. నిజానికవి అందరివీ. ఒకరి సొమ్ము తీసుకుంటే ఒకరిని క్షమాపణ కోరవచ్చు. అందరి సొమ్ము తీసుకున్నవాడు ఎంతమంది గుమ్మాలు ఎక్కగలడు? ఖైబర్ యుద్ధం తరువాత పంపకానికి ముందే ఒక దుప్పటి తీసుకున్న వ్యక్తికి అది నిప్పుగా మారిందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అది విని ఒక వ్యక్తి చెప్పు వారును కూడా తెచ్చి అప్పగించాడు.

ఆళ్ళగడ్డ, రుద్రవరం వైపు నల్లమల అడవిలో పెరిగే ఎర్రచందనం కూడా ఇటువంటి అందరి సొమ్మే. దాన్ని నరికే చేయి ఒకరిది, లాభం తినే నోరు మరొకరిది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది తమిళనాడు నుండి వచ్చిన కూలీలు. వారిని అడవికి పంపిన పెద్దల సంగతి ఏమిటి? హజ్రత్ ఉమర్ (రజి) ఈ ప్రశ్న వేసేవారు. ఒకసారి కొందరు బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకు తిన్నారు. యజమాని వారిని పస్తులుంచుతున్నాడని గ్రహించిన ఉమర్ (రజి) వారికి విధించబోయిన శిక్షను ఆపి, 400 దిర్హముల ఆ ఒంటెకు 800 దిర్హములు యజమాని చేతనే కట్టించారు.

పోగొట్టుకున్నవారు చేయవలసినది

మొదటిది, రుజువు లేకుండా ఎవరినీ అనుమానించరాదు. "నిన్న ఈ దారిన వెళ్ళింది ఆవిడే" అని పొరుగింటి మీద వేలు చూపితే, పోయిన మొక్క కంటే పెద్ద దోషం మన తల మీదికి వస్తుంది. దురనుమానాలకు దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆదేశిస్తోంది.

రెండవది, పట్టుబడినవారిని కొట్టే అధికారం మనకు లేదు. కరవు కాలంలో హజ్రత్ అబ్బాద్ బిన్ షురహ్‌బీల్ (రజి) మదీనాలో ఒక తోటలో దూరి, కంకులు నలుపుకు తిని, కొన్ని గుడ్డలో వేసుకున్నారు. తోట యజమాని ఆయన్ని కొట్టి బట్ట లాక్కున్నాడు. విషయం తెలిసిన దైవప్రవక్త (సఅసం) ఆ యజమానినే మందలించారు. తెలియనివాడికి నేర్పలేదు, ఆకలిగా ఉన్నవాడికి తినిపించలేదు అన్నది ఆ మందలింపు సారాంశం. బట్ట తిరిగి ఇప్పించటమే కాదు, ధాన్యం కూడా ఇప్పించారు. ఖర్జూర చెట్లపై రాళ్ళు రువ్విన ఒక పిల్లవాణ్ణి కూడా ఆయన దండించలేదు. రాళ్ళు వేయవద్దని, కింద రాలినవి తినమని చెప్పి, తల నిమిరి, వాడి కడుపు నిండాలని దుఆ చేశారు.

మూడవది, కంచె వేసుకోవటం, కాపలా ఉండటం, అవసరమైతే పెద్దలకో పోలీసులకో చెప్పటం తప్పు కాదు. ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (సఅసం) బోధన. క్షమించటం ఉత్తమం. అయితే కౌలుకు తీసుకున్న మడి మీద బతికే వ్యక్తిని "పోనీలే, క్షమించు" అని ఇతరులు ఒత్తిడి చేయటం న్యాయం కాదు. క్షమించే హక్కు పోగొట్టుకున్నవారిదే.

నాలుగవది, ఒక శుభవార్త. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి సదఖా అవుతుందని, దొంగిలించబడినది కూడా సదఖాయే అవుతుందని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతోంది. దీన్ని విని దొంగ సంతోషించనవసరం లేదు. ఒకే మొక్క అల్లాహ్ వద్ద రెండు ఖాతాల్లో నమోదవుతుంది. యజమాని ఖాతాలో పుణ్యంగా, దొంగ ఖాతాలో అప్పుగా.

తీసుకున్నవారు చేయవలసినది

పశ్చాత్తాపం చెంది, ఇక ముందు చేయనని నిశ్చయించుకుంటే అల్లాహ్ హక్కు తీరుతుంది. దాసుల హక్కు మాత్రం దాసులకు చెల్లిస్తేనే తీరుతుంది. మొక్క ఉంటే మొక్కను, లేకపోతే దాని వెలను ఇవ్వాలి. నష్టం కలిగి ఉంటే అదీ తీర్చాలి. సిగ్గు అడ్డువస్తే మూడో మనిషి ద్వారా చేర్చవచ్చు, పేరు చెప్పుకోవలసిన అవసరం లేదు. యజమాని మరణిస్తే వారసులకు ఇవ్వాలి. ఎంత వెతికినా ఎవరూ దొరకకపోతే వారి తరఫున సదఖా చేయాలి. మొక్క చెట్టుగా ఎదిగిపోయి ఉంటే యజమానిని కలిసి, వెల చెల్లించో, మాఫీ కోరో లెక్క తేల్చుకోవాలి. అతను మనస్ఫూర్తిగా "నీకే ఇచ్చేశాను" అంటే ఇక ఆ పండు విషయంలో సందేహం ఉండదు. దీనారు, దిర్హములు పనికిరాని రోజున ఆ మొక్క ఖరీదును మన నమాజులతో, ఉపవాసాలతో చెల్లించవలసి వస్తుందన్న సంగతి మరువరాదు.

ఇంతకూ ఈ వ్యవహారమంతా ఒక్క మాటతో తప్పిపోయేది. "ఖాలా, మీ మల్లె బాగా పూసింది, ఒక కొమ్మ ఇస్తారా?" అని అడిగితే కాదనే ఇల్లు మన ఊళ్ళలో అరుదు. అడిగి తెచ్చుకున్న కొమ్మతో పాటు పొరుగువారి దుఆ కూడా మన ఇంటికి వస్తుంది. మన పిల్లలకు ఆ ఒక్క మాట నేర్పుదాం. మన పెరట్లో పెరిగినదానిలో పొరుగువారికి, పేదలకు వాటా తీసి ఉంచుదాం. పేదలు అడుగుపెట్టకూడదని తెల్లవారుజామునే కోతకు బయలుదేరిన తోట యజమానుల గతి ఏమయిందో ఖలమ్ సూరాలో చదువుతూనే ఉన్నాం కదా!

అల్లాహ్ మనందరినీ ఇతరుల హక్కుల నుండి చేయి కాపాడుకునేవారిగా, మన చేతిలో ఉన్నది పంచేవారిగా చేయుగాక! ఆమీన్.