గుట్టు విప్పే హక్కు

ఇంగ్లీషు నాకు ఇప్పటికీ తడుముకుంటూ నడిచే దారే. అయినా పట్టుబట్టి ఒక పుస్తకం చదివాను. ఆంటొనీ బోర్డెయిన్ 2000లో అచ్చేసిన 'కిచెన్ కాన్ఫిడెన్షియల్'. అమెరికాలో సముద్రపొడ్డున ప్రావిన్స్‌టౌన్‌లో ఒక ఎండాకాలం అంట్లు తోమడంతో మొదలుపెట్టి, న్యూయార్క్ హోటల్లో పెద్ద వంటవాడైన మనిషి కథ అది.

వంటగది గుట్టంతా విప్పేశాడు. సోమవారం చేప అడక్కండి, అది రోజులు నిలవున్న సరుకన్నాడు. ఒకరి బల్ల మీద మిగిలిన రొట్టె ఇంకొకరి బల్లకి పోతుందన్నాడు. ఫ్రెంచి పేర్లున్న కూరలు నిజంగా వండే చేతులు మెక్సికో నుంచీ ఈక్వెడార్ నుంచీ వచ్చిన శ్రామికులవని చెప్పాడు. జనం మెచ్చుకున్నారు. 2018లో చనిపోయేదాకా దేశాలు తిరిగి అందరితో కలిసి తిన్నాడు.

చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు టౌన్లో ఒక హోటల్లో ఎంగిలి పళ్లేలు కడిగేవాడు. కులం మార్చి చెప్తేనే ఆ పని దొరికింది. మా ఊరి టీ కొట్టులో ఆయన గ్లాసు విడిగా చూర్లో దోపి ఉండేది. టౌనుకొచ్చిన అదే ఊరి పెద్దలు ఆయన కడిగిన పళ్లెంలో ఇడ్లీలు తిని పోయేవాళ్లు. వాళ్లు గుర్తుపడతారేమోనని పెరట్లోంచి బయటికొచ్చేవాడు కాదంట. "అబద్ధమాడి బతికాన్రా" అని చివరిదాకా కుమిలిపోయాడు.

నా ప్రశ్న ఇది. ఆ అబద్ధం ఎవరిది? బోర్డెయిన్ గుట్టు విప్పితే పేరొచ్చింది. మా నాయన విప్పితే దెబ్బలు పడేవి, మా కూడు పోయేది. నిజం చెప్పడం గొప్ప గుణమని బళ్లో నేనే పాఠం చెప్తాను. నిజం చెప్తే బతకనివ్వనోడికి అబద్ధాన్ని తప్పుపట్టే అర్హత ఎక్కడిది?

అయితే నా సంగతేంటి? అద్దె గది కోసం నేను కూడా కులం అడిగినప్పుడల్లా మాట దాటేశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటపనిలో దళితులకి ముందు చోటివ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మా బళ్లో వండే అక్క మాదిగ గూడెం మనిషి. ఆమె వండిందని కొందరు పిల్లలు ఇళ్ల నుంచి బాక్సులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. "నేను మానుకుంటాలే సారూ" అందామె. నాకు ముద్ద దిగలేదు. మర్నాడు పిల్లల మధ్యే కూర్చున్నాను.

"వడ్డించక్కా. మాదీ మాదిగ గూడెమే. మా నాయన అంట్లు తోమి నన్ను చదివించాడు" అన్నాను అందరికీ వినపడేట్టు.

వారం తిరక్కుండా ఇంటాయన గది ఖాళీ చెయ్యమన్నాడు. చేశాను. ఇందులో నా ధైర్యం గొప్పేమీ లేదు. నెల తిరిగితే నాకు సర్కారు జీతం వస్తుంది. నాయనకి అది లేదు.

ఇద్దరు పిల్లలు బాక్సులు మానేశారు. మిగిలినోళ్లు తెచ్చుకుంటానే ఉన్నారు. అక్క మాత్రం పని మానలేదు. తప్పు నీది కాదు నాయనా అని చెబుదామంటే, వినడానికి ఆయన లేడు.