రేపటి మన్నాను నేడే తినుట

అరణ్యములో మన్నా ఏరుకొనిన ఇశ్రాయేలీయులలో బలవంతుడును బలహీనుడును ఒకే కొలతకు వచ్చిరని నిర్గమకాండము 16వ అధ్యాయములో చదువుచున్నాము. అట్టి కొలతను అమెరికా దేశపు ఫుట్‌బాల్ జట్లు తమకు తామే పెట్టుకొనిరనిన వింతగా నుండును. (అక్కడ ఫుట్‌బాల్ అనగా మనమెరిగిన కాలిబంతి కాదు, బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట.) 32 జట్లుగల నేషనల్ ఫుట్‌బాల్ లీగులో, యజమానులును ఆటగాండ్ర యూనియనును ఒప్పుకొనగా, 1994 నుండి ఒక నియమము నడచుచున్నది: ఏ జట్టును ఆటగాండ్ర జీతములకు ఏటికి ఇంతకు మించి లెక్క వ్రాయరాదు. మొదట ఆ హద్దు 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2024లో 25 కోట్ల 54 లక్షలు. ఈ హద్దువలనను, టెలివిజన్ రాబడిని సమానముగా పంచుకొనుటవలనను, లక్షకు కొంచెము మించిన జనముగల గ్రీన్ బే పట్టణపు జట్టు మహానగరముల జట్ల యెదుట నిలిచి ఆడుచున్నది. ఇది మంచి నియమమని నా తలంపు.

అయితే హద్దు ఉన్నచోట మనుష్యుడు సందు వెదకును. పేరుగల ఆటగానికి ఒప్పందము నాడే పెద్ద మొత్తము ముట్టజెప్పి, లెక్కలో మాత్రము దానిని 5 ఏండ్ల వరకు పంచి వ్రాయవచ్చును. సొమ్ము నేడే చెల్లెను, భారము రేపటి పుస్తకములో నున్నది. రాబోవు కోతపండుగ కానుకల మీద అప్పు తెచ్చి గుడి ప్రహరీ కట్టించిన సంఘములవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మధ్యలో ఆ ఆటగాని తీసివేసినయెడల, మిగిలినదంతయు జట్టు లెక్కలో పడును. దానిని వారు చచ్చిన సొమ్మందురు.

డెన్వర్ జట్టు 2022లో తెచ్చుకొనిన రస్సెల్ విల్సన్‌ను 2024 మార్చిలో విడిచిపెట్టెను. సుమారు 8 కోట్ల 50 లక్షల డాలర్ల చచ్చిన సొమ్ము రెండేండ్ల లెక్కలో పడెను. అదే నెలలో, 8 ఏండ్లు ఆ జట్టులోనే ఆడిన జస్టిన్ సిమ్మన్స్‌ను పంపివేసిరి. అందువలన సుమారు 1 కోటి 45 లక్షలు లెక్కలో మిగిలెను. అతనిని వేరొక జట్టు చేర్చుకొనెను, ఆకలిగొనలేదు, నిజమే. అయినను విల్సన్‌తో ఒప్పందము చేసిన బల్లయొద్ద అతడు కూర్చుండలేదు గదా! నియమము మీరలేదు కనుక అన్యాయము లేదనుటకు నా మనస్సాక్షి ఒప్పుకొనదు.

డెన్వర్ ఆ యేడు కూలిపోలేదు. 2015 తరువాత మొదటిసారి ఆఖరు దశ పోటీలకు అర్హత పొందెను. జట్టును నడిపించినవాడు క్రొత్తగా చేరిన బో నిక్స్ అను యౌవనస్థుడు. క్రొత్తవాని జీతము, 2011లో మొదలైన పద్ధతిచొప్పున, అతడు రాకముందే ఇంచుమించు నిర్ణయమై యుండును. బేరమాడుటకు చోటు స్వల్పము. ఆ పద్ధతికి పెద్దలు సంతకములు చేసిన నాటికి అతడు 11 ఏండ్ల బాలుడు.