ఫలానావాని భార్య

దక్షిణ అండమాను దీవిలో, 2024 నుండి శ్రీవిజయపురమని పిలువబడుచున్న పోర్టుబ్లెయిరు పట్టణమునకు చేరువను, ప్రోతరాపూర్ అను ఊరున్నది. ఆ పేరులో "పూర్" మన దేశపు మాట. దానికి ముందున్నది ప్రోథెరో అను ఆంగ్లేయ అధికారి పేరు. ఖైదీల వలస సాగిన కాలమున అడవి కొట్టి వేసిన పల్లెలకు దొరల పేర్లు పెట్టుట వాడుక. సముద్రమునకు ఆవలనున్న ఒక కొండకు మాత్రము స్త్రీ పేరు దక్కెను. అది మౌంట్ హారియట్. ఆ హారియట్ టైట్లరు ఒక సూపరింటెండెంటు భార్య. 2021లో ఆ కొండ పేరును మౌంట్ మణిపూర్ అని మార్చిరి. దొరల పేర్లు వచ్చినవి, కొన్ని పోయినవి. అయితే ఆ నేలలో వంగి నాట్లు వేసిన స్త్రీల పేర్లు వెదకుటకు ఏ పటమును చాలదు.

దీనినుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఒక కుటుంబపు పొలమును తరతరములుగా నిలిపియు, పత్రములో పేరు లేనివారికి ఆ కుటుంబము చెల్లింపవలసినది ఏమి? కృతజ్ఞతయా, న్యాయమా? ఈ రెండును ఒకటే అనుకొనుట సులభము. అండమాను చరిత్రను కొంచెము నెమ్మదిగా చదివినచో అవి ఒకటి కావని తెలియును.

1857 తిరుగుబాటు అణచివేయబడిన పిమ్మట, 1858 మార్చి 10న డాక్టరు వాకరు అను అధికారి రెండువందలమంది ఖైదీలతో పోర్టుబ్లెయిరులో దిగెను. అటుతరువాత దేశపు నలుమూలలనుండి ద్వీపాంతర శిక్ష పడినవారు అచ్చటికి చేరిరి. 1879లో మన గోదావరి మన్యమున రేగిన రంప పితూరీలో పట్టుబడినవారిలో కొందరును వారిలో నుండిరి. స్త్రీలును వచ్చిరి. వారికొరకు వేరుగా ఆడవారి జైలు ఏర్పడెను.

ఇరువదవ శతాబ్దారంభమున అమలులో నుండిన నిబంధనలను గమనింపుడు. పురుషుడు పదియేండ్లు మంచి నడవడితో గడిపినచో అతనికి ఒక చీటీ దొరకెడిది. దానితో అతడు పల్లెలో కాపురముండి, సేద్యము చేసి, పశువులను పెంచి, తన్ను తాను పోషించుకొనవచ్చును. పెండ్లాడవచ్చును, లేదా స్వదేశమునుండి భార్యను పిలిపించుకొనవచ్చును. మొదట ఇంటికి, తిండికి, పనిముట్లకు సర్కారు సాయము చేసెడిది. తరువాత పన్నులన్నియు అతడే కట్టుకొనవలెను. అతడు స్వతంత్రుడు మాత్రము కాడు, దీవిని విడిచిపోరాదు. స్త్రీ సంగతి వేరు. ఆమె అయిదేండ్లకు వివాహమునకు అర్హురాలగును. పెండ్లాడి భర్తతో కాపురముండుటకో, అనుమతితో ఒకరి ఇంట పనికో తప్ప ఆమె జైలు విడిచి రాలేదు. శిక్ష ముగిసిన దంపతులలో ఒకరు ముందు, ఒకరు వెనుక వెళ్లుటకు వీలులేదు. ఇరువురి గడువును తీరువరకు ఆగి కలిసియే వెళ్లవలెను.

దీనిని తొందరపడి ప్రేమకథగా చెప్పుకొనరాదు. జైలు తలుపు తెరచుకొనుటకు మంగళసూత్రము తాళపుచెవియైన చోట, సమ్మతి అను మాటకు బరువెంత? అయినను ఆ కాపురములనుండియే పల్లెలు పుట్టినవి. ఒక ఇంటిని ఊహించుకొందము. అతడు ఒక భాషవాడు, ఆమె మరియొక భాషది. కులములు వేరు, ఒక్కొక్కచోట మతములును వేరు. ఇరువురును వచ్చీరాని హిందుస్తానీలో మాటలాడుకొనిరి. అతడు చెట్లు కూల్చి దుంగలు లాగెను. ఆమె కలుపు తీసెను, వరి దంచెను, ఆవును పిదికెను, బిడ్డలను కనెను. వానకాలపు జ్వరముతో అతడు మంచమెక్కినచో పొలము ఆగలేదు. అట్టి ఇండ్లలో పుట్టినవారే "లోకల్‌బార్న్" అను పేరుతో అండమానులో ఒక సమాజమైరి. వారి మాట హిందుస్తానీ. తల్లి వెంట తెచ్చుకొనిన భాష అనేకుల ఇండ్లలో ఆమెతోనే సమసిపోయెను.

ఇచ్చట ఇంకొక సత్యమును దాచరాదు. ఆ అడవి ఎవరికిని చెందని అడవి కాదు. అది అండమాను ఆదివాసులది. వలస వచ్చిన కొద్ది దశాబ్దములలోనే కొత్త రోగములు వారిని తుడిచిపెట్టినంత పని చేసెను. ఖైదీ స్త్రీ నాటిన వరిమడి క్రిందను పేరు వ్రాయబడని మరియొకరి నేల యున్నది. అన్యాయమునకు గురియైనవారును తెలియకయే మరియొక అన్యాయముపై ఇల్లు కట్టుకొనుట చరిత్రలో అరుదు కాదు.

1942 మార్చిలో జపాను సైన్యము దీవులను పట్టుకొనెను. 1945 అక్టోబరు వరకు జనులు భయముతోను, తిండి కరవుతోను బ్రతికిరి. యుద్ధానంతరము ఖైదీల వలస రద్దాయెను. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులకు భూములిచ్చి నిలిపిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారును పెద్దసంఖ్యలో వచ్చిరి. ఇన్ని మార్పులలోను స్త్రీ పొలముననే యుండెను. 2004 డిసెంబరు 26న భూకంపముతో దక్షిణ అండమాను నేల దాదాపు ఒక మీటరు క్రుంగెను. సిప్పిఘాట్ మొదలైన చోట్ల వరిమళ్లలోనికి వచ్చిన ఉప్పునీరు మరల పోలేదు. అట్టి దినమున ఒక సంగతి తేటపడును. పొలము మునిగినప్పుడు పరిహారము చెమటను వెదకుకొని రాదు, పత్రములోని పేరును వెదకుకొని వచ్చును.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు; అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "కుటుంబము ఒకటే శరీరము వంటిది. భార్యాభర్తలు, అన్నాచెల్లెండ్రు నీది నాది అని గీతలు గీసికొనుట ప్రేమకు లోపము కాదా? అమ్మ ఏనాడును పత్రము అడుగలేదు గదా?" నిజమే, అమ్మ అడుగలేదు. కాని రెండు మాటలు ఆలోచింపవలెను. పత్రము వ్రాయుట ప్రేమ బ్రతికియున్న దినములకొరకు కాదు. ప్రేమించినవాడు చనిపోయిన దినముకొరకు, ప్రేమ చల్లారిన దినముకొరకు. రెండవది: పేరునకు నిజముగా విలువ లేనిచో, అది ఎల్లప్పుడు పురుషుని పేరేయై యుండనేల? ఇచ్చువాడు తన పేరును విడువక, ఎదుటివారిని మాత్రము పేరు విడువుమని అడుగుట త్యాగబోధ కాదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారము మన దేశమున సాగు కమతములు గలవారిలో స్త్రీలు దాదాపు 14 శాతమే. పొలములలో వంగి పనిచేయువారిని చూచినవారెవరును స్త్రీలు ఏడుగురిలో ఒక్కరే అనరు. హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా పాలు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోను, దేశమంతట 2005లోను వచ్చెను. క్రైస్తవుల విషయములో 1925 నాటి భారత వారసత్వ చట్టమే, వీలునామా లేక తండ్రి మరణించినచో, భార్యకు మూడవవంతును, మిగిలినదానిలో కుమారులకు కుమార్తెలకు సమానపాళ్లను చెప్పుచున్నది. తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు ఆ హక్కు దక్కుటకు మేరీ రాయ్ అను ఆమె సుప్రీంకోర్టు వరకు వెళ్లవలసి వచ్చెను. తీర్పు 1986లో వచ్చెను. మన జిల్లాలలో అట్టి అడ్డు చట్టములో లేదు. అయినను తండ్రి దినము గడువకముందే చెల్లెండ్రచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించి, పసుపు కుంకుమల పేరిట ఒక చీర పెట్టి పంపుట మన ఎరుకలో లేని సంగతియా? ఆ మరుసటి ఆదివారము అదే నోటితో స్త్రీల త్యాగమును కొనియాడుదుము.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలైదుగురు సర్వసమాజము ఎదుట నిలిచి తండ్రి భూమిలో పాలు అడిగిరి. ఆ అయిదుగురి పేర్లును గ్రంథమున వ్రాయబడినవి; వారు అడిగినది న్యాయమని దేవుడు మోషేతో చెప్పెను. రూతు గ్రంథపు నాలుగవ అధ్యాయములో దీనికంటె సూక్ష్మమైన సంగతి కలదు. నయోమి పొలమును విడిపింపవలసిన సమీప బంధువు మొదట సరే యనెను. రూతును కూడ స్వీకరింపవలెనని వినగానే తన స్వాస్థ్యము పాడగునని తప్పుకొనెను. అతని పేరేమి? గ్రంథము చెప్పదు. బోయజు అతనిని పిలిచిన చోట హెబ్రీ మూలములో "పెలోనీ అల్మోనీ" అనియున్నది. అనువాదములలో ఈ మాట తరచుగా జారిపోవును. తెలుగులో దానికి సరియైన మాట వెదకుకొననక్కరలేదు. హెబ్రీ "పెలోనీ"కి అరబ్బీ "ఫులాన్" తోబుట్టువు. ఆ అరబ్బీ మాటయే పారసీ, హిందుస్తానీల మీదుగా మనకు "ఫలానా" అయి వచ్చినది.

తన స్వాస్థ్యమును, తన పేరును కాపాడుకొనగోరినవాడు గ్రంథములో ఫలానావాడై మిగిలెను. పరదేశియై, వెనుకబడిన వెన్నులను ఏరుకొనిన స్త్రీ పేరు గ్రంథమునకే పేరాయెను. ఆనాటి ధర్మము చనిపోయిన పురుషుని పేరు నిలుపుటకే యేర్పడినది. అయినను కథ చెప్పినవాడు రూతు పేరును పోనీయలేదు. మన పట్టాలలో, మన సమాధి రాళ్లపై జరుగుచున్నది దీనికి తలక్రిందు. స్వాస్థ్యము కాపాడుకొనినవాని పేరు నిలుచును, ఏరుకొనినది "ఫలానావాని భార్య" యగును.

ప్రోతరాపూరు నేలపై మొదట కొడవలి పట్టిన స్త్రీల పేర్లు ఇప్పుడు మనము తిరిగి వ్రాయలేము. అయితే జీవించియున్నవారి పేర్లు వ్రాయవచ్చును. అనేక క్రైస్తవ గృహములలో కుటుంబ బైబిలు మొదటి పుటపై జననములు, వివాహములు, మరణములు వ్రాసియుంచు ఆచారము కలదు. ఆ పుటను ఒకసారి తీసి, అవ్వ పేరు, ఆమె తల్లి పేరు అక్కడ ఉన్నదో లేదో చూడుడు. లేనిచో, జ్ఞాపకము గల ముసలివారు బ్రతికియుండగనే అడిగి వ్రాయుడు. పిమ్మట పొలపు కాగితమును తీసి, అదే ప్రశ్న దానినిగూర్చియు అడుగుడు. మొదటి పని చేసి రెండవది మానినచో, అది కృతజ్ఞతయే గాని న్యాయము కాదు.