తల్లి పంపిన డబ్బా

ధ్యానభాగములు: యోహాను 21:9–13, హెబ్రీయులకు 2:11



వేసవి సెలవులు ముగిసినవి. మన డుంబ్రిగుడ చుట్టుపట్ల గ్రామముల బిడ్డలు ఆశ్రమ పాఠశాలలకును, విశాఖపట్నములోని కళాశాలలకును మరల బయలుదేరుచున్నారు. వారి కొరకు మోకరించునప్పుడు పరీక్షలలో జయమునే మనము అడుగుచున్నాము. ఈ నెల వారి కొరకు మరియొకటి కూడ అడుగవలెనని మాకు తోచినది. మన సంఘపు కుమారుడొకడు మాతో చెప్పిన సంగతి దానికి కారణము. అతని సెలవు తీసికొని, పేరు విడిచిపెట్టి, వ్రాయుచున్నాము.

అతడు పట్నములో చదువుకొనుచున్నాడు. వసతిగృహములో ఒక గదికి ముగ్గురు. తెల్లవారకముందే లేచి కొళాయియొద్ద బకెట్టుతో వరుసలో నిలుచుట, పగలెల్ల తరగతులు, సాయంకాలము ఒక టీని ఇద్దరు పంచుకొనుట, రాత్రి ఒకరికొకరు పాఠములు చెప్పుకొనుట. స్నేహితులు మంచివారే. లెక్కలు రానప్పుడు ఒకడు నేర్పెను, జ్వరము వచ్చినప్పుడు ఇంకొకడు గంజి తెచ్చెను. అయితే మనవాని మాటలోని కొండయాసకు వారు అప్పుడప్పుడు నవ్వుచుండిరి. వారు వేడుకకే నవ్విరి గాని, అది ఇతని మనస్సులో ముల్లువలె నిలిచెను.

వానకాలములో ఒకనాడు తల్లి రైలులో వచ్చువారిచేత ఒక డబ్బా పంపెను. అందులో వెదురుకొమ్ముల కూర. మూత తీయగానే గదియంతయు వాసన నిండెను. “ఇదేమిటిరా? ఎవరిది?” అని స్నేహితుడడిగెను. “నాది కాదు. ఎవరో పొరపాటున నాకిచ్చిరి” అని ఇతడు చెప్పెను. ఆ రాత్రి గోడవెనుకకు పోయి దానిని పారబోసెను. ఆ కొమ్ములకై తల్లి తడియుచు అడవిలో తిరిగియుండునని ఇతనికి తెలియును.

కొన్ని నెలలకు ఆ స్నేహితుడు వీరిద్దరిని తన మేనమామ ఇంటికి భోజనమునకు తీసికొనిపోయెను. ఆయన జపానులో కొన్ని సంవత్సరములు పనిచేసి, అక్కడి వంట నేర్చుకొని వచ్చినవాడు. ప్రతివాని యెదుట చిన్న చిన్న గిన్నెలు పెట్టిరి. ఒకదానిలో పులియబెట్టిన సోయా చిక్కుళ్ళ ముద్దతో కాచిన మీసో చారు, ఒకదానిలో బొగ్గులమీద కాల్చిన చేప, ప్రక్కన తినుటకు రెండు పుల్లలు. ఆయన చేతులు జోడించి, తల వంచి, “ఇతదాకిమాస్” అనెను. వినయముతో పుచ్చుకొనుచున్నానని దాని భావము. మనవానికి పుల్లలు పట్టుట రాలేదు. స్నేహితుడు వ్రేళ్ళు పట్టి నేర్పెను. చేపముక్క జారి ఒడిలో పడగా అందరితోపాటు ఇతడును నవ్వెను.

తరువాత మూతగల గిన్నె వచ్చెను. లేత పసుపు ముక్కలు వేసి వండిన అన్నము. ఒక ముద్ద నోటిలో పెట్టుకొని ఇతడు ఆగిపోయెను. అవి వెదురుకొమ్ములే. మేనమామ చెప్పెను: “వీటిని అక్కడ తాకెనోకో అందురు. వసంతకాలము వచ్చినదనగా వీటికై ఎదురుచూతురు. నేలను త్రవ్వి తీసి, అతిథులకు వండిపెట్టుదురు.” స్నేహితులు ఎంతో రుచిగా నున్నదని మెచ్చుకొనిరి. మనవానికి ముద్ద దిగలేదు. “ఆనాటి డబ్బాలో ఉన్నదిదే. అది మా అమ్మ పంపినది. నాదే” అని చెప్పెను. కొంతసేపు ఎవరును మాటాడలేదు. అప్పుడు స్నేహితుడు, “అయితే మాకెందుకు పెట్టలేదురా?” అనెను.

ప్రియులారా, మన కొండల గుండా పోవు రైలుమార్గమును ఎందుకు వేసిరో పెద్దలకు తెలియును. బైలాడిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవు ద్వారా పంపుటకు 1960లో జపాను ఉక్కు కర్మాగారములతో ఒప్పందము జరిగెను. ఆ దశకములోనే పట్టాలు వేయబడెను. మన ముంగిటనుండి ఖనిజము ఆ దేశమునకు పోవుట చూచితిమి. వెదురు జాతి వేరైనను, మన అడవి కూర వంటిదే వారి బల్లమీద గౌరవము పొందుచున్నదని ఎరుగకపోతిమి.

పేతురు సంగతి తలంచుడి. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంటయొద్ద అతడు నిలిచియుండగా, అతని మాటయే అతడు గలిలయుడని బయలుపరచెను. యాసనుబట్టి పట్టుబడినవాడు, తన ప్రభువును ఎరుగనని బొంకెను. పునరుత్థానుడైన ప్రభువు అతనిని ఎట్లు తిరిగి చేర్చుకొనెను? తీరమున మరల బొగ్గుల నిప్పు చేసి, చేపలు కాల్చి, రొట్టె ఉంచి, భోజనమునకు పిలిచెను. గద్దింపు కంటె ముందు భోజనము పెట్టెను. పేతురు ఎరిగిన గలిలయ జాలరుల భోజనమే అది. మనలను సహోదరులని చెప్పుకొనుటకు ప్రభువు సిగ్గుపడలేదని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. ఆయన సిగ్గుపడనప్పుడు మనము మన తల్లులను గూర్చి సిగ్గుపడుదుమా?

ఆ కుమారుని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. పట్నమునుండి పెద్దలు వచ్చిన దినమున, మేమును చోడి అంబలి కుండను తలుపు వెనుక దాచి, అప్పు తెచ్చి సన్నబియ్యము వండించితిమి. బిడ్డలు మమ్మును చూచియే నేర్చుకొనిరి.

చదువు దీనికి విరోధము కాదు. జపాను దేశపు తొయొహికో కగావా 1909 క్రిస్మసుకు ముందుదినమున, ఇంకను వేదాంత విద్యార్థిగా నుండగానే, కోబే పట్టణములోని షింకావా పేదవాడకు పోయి కాపురముండెను. తన కొద్దిపాటి భోజనమును, ఇరుకు గదిని వారితో పంచుకొనెను. అక్కడ సోకిన కంటిజబ్బు వలన చూపు చెడినను వారిని విడువలేదు. 1938లో మద్రాసుయొద్ద తాంబరములో జరిగిన క్రైస్తవ మహాసభకు ఆయన వచ్చెను. చదువు ఆయనను పేదవాని గిన్నెకు దూరము చేయలేదు.

మనవాడు సెలవులకు వచ్చి తల్లియొద్ద తప్పు ఒప్పుకొనెను. ఆమె, “డబ్బా అయినా తెచ్చినావా?” అని అడిగి, ఈసారి పెద్ద డబ్బా వెదకినది. ముగ్గురికి సరిపోవలెనట.

కాబట్టి తల్లులారా, పంపుట మానకుడి. బిడ్డలారా, మూత తీసి, తల వంచి స్తోత్రము చెప్పి, ప్రక్కవానికి పెట్టుడి. రాబోవు కోత పండుగనాడు మా ఇంటి అంబలి కుండ తలుపు వెనుక ఉండదు, ముందు వరుసలో ఉండును. ఏ గ్రామమువారైనను, ఏ తెగవారైనను వచ్చి ఒకే పంక్తిలో కూర్చుండుడి.

తీరమున భోజనము సిద్ధపరచిన ప్రభువు మన బిడ్డలకు తోడైయుండును గాక. ఆమేన్.