చట్టం చాలా, చదువు కావాలా?

మన తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. మంచి చట్టమే. కానీ చట్టం ఇంకుడుగుంత తవ్వించగలదు గానీ, ఏటా వానలకు ముందు దాన్ని శుభ్రం చేయాలనే బుద్ధి పుట్టించలేదు. మట్టి, ఆకులు చేరి గులకరాళ్ల సందులు పూడిపోతే నీళ్లు కిందికి దిగవు. గుంత ఉన్నా లేనట్టే.

అందుకే ఊరూరా సాయంత్రం బడులు పెట్టాలి. గుంత బాగుచేయడం, చెత్తతో ఎరువు చేయడం అందరూ కలిసి నేర్చుకోవాలి. అక్కడ చదువురాని రైతు తాతే గురువు, డిగ్రీ చదివిన వాళ్లు శిష్యులు.

"డబ్బిస్తే పనివాళ్లు చేస్తారు కదా, మనకెందుకు?" అని కొందరు అంటారు. చేస్తారు, నిజమే. అయితే ఎప్పుడు చేయించాలో, సరిగా చేశారో లేదో మనకు తెలియాలి కదా! మన గుంతలో ఇంకిన నీరు పక్కింటి బోరుకూ అందుతుంది. మనం పట్టించుకోకపోతే వాళ్లకూ నష్టమే. కాబట్టి ఈ పని నేర్చుకోవడం మనం ఇరుగుపొరుగుకు తీర్చాల్సిన బాకీ అని నా అభిప్రాయం.