కారు షెడ్డులో ఏసీ, సందులో వేడి

ఎయిర్ కండిషనర్ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. వేడి తనంతట తానుగా చల్లటి చోటి నుంచి వెచ్చటి చోటికి పోదని జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ 1850ల్లో సూత్రీకరించాడు. బలవంతంగా పంపాలంటే పని చెయ్యాలి. ఆ పనికి ఖర్చయిన కరెంటు కూడా చివరికి వేడిగా మారి బయటికే చేరుతుంది. కాబట్టి గదిలోంచి తీసినదానికన్నా బయట పడే వేడి ఎప్పుడూ ఎక్కువే. ఒక ఇంట్లో నలుగురు హాయిగా నిద్రపోవాలంటే, బయట ఎక్కడో ఎవరో అంతకు మించిన వేడిని భరించాలి. మెకానిక్ పని అనుకున్నది ఇక్కడే ధర్మవిచారణ అవుతుంది: తన సుఖం బరువు పక్కవాడి ఒంటి మీద పడుతుంటే, ఆ సుఖానికి హద్దు ఎక్కడ?

శ్రీ సత్యసాయి జిల్లా పరిగి, హిందూపురం ప్రాంతంలో ఈ ప్రశ్న కొత్తది. ఈ నేల సముద్రమట్టానికి దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ ఎంత మండినా పొద్దు వాలాక గాలి చల్లబడుతుంది. వెనకటి మట్టి మిద్దెలు ఎండను పైకప్పులోనే ఆపేవి, గవాక్షం గుండా వేడి గాలి పైకి పోయేది, రాత్రయితే మిద్దె మీదే పక్కలు పరిచేవారు. సిమెంటు స్లాబు వచ్చాక లెక్క తిరగబడింది. పగలంతా కాగిన స్లాబు రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి దింపుతూనే ఉంటుంది. బయట చల్లగా, లోపల ఉక్కగా ఉంటుంది. ఇక మూడు సెంట్ల స్థలంలో హద్దు నుంచి హద్దుదాకా గోడలు లేపి, కింద కారు షెడ్డు, పైన పడకగదులు కట్టుకున్న ఇంట్లో ఔట్‌డోర్ యూనిట్‌కు మిగిలే చోటు ఆ షెడ్డే. అక్కడ ఎండ తగలదు, వాన తగలదు, రాగి పైపులకు దొంగల భయం ఉండదు, ఇంటి ముందుభాగం అందం చెడదు. యజమాని కంటికి అంతా అనుకూలమే.

ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ గదిలోంచి 5 కిలోవాట్ల పైచిలుకు వేడిని తీస్తుంది. అది నడవడానికి వాడుకున్న కరెంటు, సుమారు ఒకటిన్నర కిలోవాట్లు, దానికి కలుస్తుంది. పూర్తి బలంతో నడిచేటప్పుడు ఔట్‌డోర్ యూనిట్ ఊదే వేడి దాదాపు 7 కిలోవాట్లు. షెడ్డులో ఏడు ఇస్త్రీపెట్టెలు ఆపకుండా కాలుతున్నట్టు. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తున్న షెడ్డులో ఉండే గాలి బరువు సుమారు యాభై కిలోలు. షట్టరు పూర్తిగా దించేస్తే, గోడలూ కారూ పీల్చుకునేది పక్కనపెట్టి లెక్క వేస్తే, ఆ గాలి పది డిగ్రీలు వేడెక్కడానికి నిమిషంన్నర కూడా పట్టదు. గోడలు కొంత పీల్చుకుంటాయి కనక నిజంలో కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఆ తర్వాత యూనిట్ తాను వదిలిన వేడి గాలినే తిరిగి లోపలికి లాక్కుంటుంది. కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది, పైన గదిలో చల్లదనం తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి మిషన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. వేడిని ఇంట్లోనే ఒక మూల దాచేద్దామంటే ప్రకృతి ఒప్పుకోదు.

దాచలేనిదాన్ని ఎటో ఒకవైపు పంపాలి. షెడ్డు పక్క గోడకు కన్నం పెట్టి ఫ్యాన్‌ను ఆవైపు తిప్పితే మిషన్ సమస్య తీరుతుంది. ఆ కన్నం అవతల రెండడుగుల సందు, సందు అవతల పక్కింటి వంటగది కిటికీ ఉంటాయి. లేదా షెడ్డులోనే ఒక వార నులక మంచం మీద ఇంటి పెద్దాయనో, కాపలా మనిషో పడుకుంటారు. ధర్మవరం వైపు అలాంటి కింది గదుల్లో మగ్గం కూడా ఉండొచ్చు. ఊళ్లలో కారు షెడ్డు కారుకు మాత్రమే పరిమితమైన చోటు కాదు. ఇంట్లో గది దక్కనివాళ్లు చేరే చోటు. ఏసీ రిమోటు ఎవరి చేతిలో ఉందో వాళ్లకు ఆ వేడి ఎన్నడూ తగలదు. ఈ ఏర్పాటులో నైతికంగా అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి ఇదే.

ఈ సీమలో చల్లదనానికి ఉన్న పాత స్థానాన్ని గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టడం, దారి పక్కన చెట్లు నాటడం, సత్రం కట్టించడం, చెరువు తవ్వించడం పుణ్యకార్యాలు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం తటాక నిర్మాణాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా ఎంచి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను లెక్కపెట్టింది. 1388లో రెండవ హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉంటూ, పట్టణానికి పెన్న నీటిని రప్పించే పనిని జలసూత్ర నిపుణుడు సింగాయభట్టుకు అప్పగించాడు. సిరువెర చెరువుదాకా కాలవ తవ్వారు. ఈ పుణ్యాలన్నిటిలో ఒక పోలిక ఉంది. చల్లదనం దాత ఇంటి గడప దాటి ముక్కూముఖం తెలియని బాటసారికి చేరుతుంది. కష్టం, ఖర్చు దాతవి. ఇరుకు షెడ్డులోని ఏసీ ఈ వరసను తలకిందులు చేస్తుంది. చల్లదనం గడప లోపల ఆగిపోతుంది, వేడి బాటసారికి చేరుతుంది. దీన్ని పాపమనడం తొందరపాటే కావచ్చు. పుణ్యం నడిచిన దారికి ఎదురు దారి అనడంలో మాత్రం సందేహం లేదు.

ఈ విషయాన్ని అందరికన్నా సూక్ష్మంగా తూచగల కొలత జైనుల దగ్గర ఉంది, పెనుకొండ వాళ్లకు పరాయి ఊరు కూడా కాదు. ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచిలతో పాటు పెనుకొండను నాలుగు విద్యాస్థానాల్లో ఒకటిగా జైన సంప్రదాయం చెప్పుకుంటుంది. అక్కడి పార్శ్వనాథ ఆలయానికి ఇప్పటికీ యాత్రికులు వస్తారు. మట్టి, నీరు, నిప్పు, గాలి దేహంగా గల ఏకేంద్రియ జీవులున్నాయని జైనం నమ్ముతుంది కనక, విసనకర్ర ఊపడం కూడా సన్యాసి ఆలోచించవలసిన పనే. గృహస్థుకు అంత కఠిన నియమం లేదు. అతనికి చెప్పిన పన్నెండు వ్రతాల్లో రెండు ఇక్కడ నేరుగా వర్తిస్తాయి. భోగోపభోగ పరిమాణ వ్రతం తాను అనుభవించే వస్తువులకు తానే ముందుగా హద్దు గీసుకోమంటుంది. అనర్థదండ విరతి ప్రయోజనం లేని హింసను మానమంటుంది. బతుకు సాగడానికి తప్పనిసరయ్యే హింస వేరు, అక్కరకు రాని హింస వేరు అన్న ఈ విభజన చాలా విలువైనది. జ్వరంతో ఉన్న పసిబిడ్డ గదిలో నడిచే ఏసీ మొదటిదాని కిందికి వస్తుంది. మనిషి లేని గదిలో నడిచేది, 18 డిగ్రీలకు దించి పైన రగ్గు కప్పుకునేది రెండోదాని కిందికి వస్తాయి. రెండు సందర్భాల్లోనూ సందులోకి పోయే గాలి ఒకేలా వేడిగా ఉంటుంది. చేసినవాడి బాధ్యత మాత్రం ఒకటి కాదు.

వేదాంతం వైపు నుంచి తరచుగా వినబడే మాట తితిక్ష. భగవద్గీత రెండో అధ్యాయం పద్నాలుగో శ్లోకం చలి, వేడి వచ్చిపోయేవనీ, ఓర్చుకోవాలనీ చెబుతుంది. శంకరుల పేర చెలామణిలో ఉన్న వివేకచూడామణి ఇంకో అడుగు ముందుకేసి, విరుగుడు వెతక్కుండా, విచారించకుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అంటుంది. దీన్ని పట్టుకుని ఏసీయే వద్దనేవారున్నారు. ఆ వాదన నిలవదు. సాధకుడి నియమాన్ని ముసలివాళ్లకూ రోగులకూ అంటగట్టే హక్కు ఏ శాస్త్రమూ ఎవరికీ ఇవ్వలేదు. అయితే అదే తర్కం రెండో వైపూ కోస్తుంది. తితిక్ష మనిషి తనకు తాను పెట్టుకునే నియమం. పక్కింటి కిటికీలోకి వేడి ఊదుతూ, వాళ్లు సర్దుకుపోతారులే అనుకోవడమంటే తన సాధనను ఎదుటివాడి చేత చేయించడం.

ఇస్లామీయ న్యాయశాస్త్రం ఈ చిక్కును మరింత సూటిగా పట్టుకుంది. ఎవరికీ హాని చెయ్యరాదు, హానికి బదులు హాని తలపెట్టరాదు అన్న హదీసు సూత్రం మీద ఆధారపడి, స్నానశాలల పొగ, రొట్టెల బట్టీల వేడి ఇరుగుపొరుగును బాధిస్తే ఏం చెయ్యాలో పూర్వపు న్యాయవేత్తలు చర్చించారు. తన గోడ లోపల తన ఇష్టమన్న హక్కు పొగ గోడ దాటేదాకానే. బాబయ్య దర్గా ఉన్న పెనుకొండలో, హిందూ ముస్లిం ఇళ్లకు గోడలు కలిసే హిందూపురం వీధుల్లో, ఈ సూత్రం ఏ మతంవాళ్లకైనా పనికొస్తుంది. ఇక వాస్తు ప్రకారం నిప్పుకు ఆగ్నేయం కనక యూనిట్‌నూ అటే పెట్టాలన్న మాట ఇటీవలి అన్వయం. ఆ మూలన గాలి ఆడకపోతే దిక్కు ఏ మేలూ చెయ్యదు.

ఎంత చల్లదనం అవసరం అన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు రైతుల దగ్గర అంకెల్లో సమాధానం ఉంది, కాకపోతే అది పట్టుపురుగుల గురించి. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, ఎక్కువ తేమ కావాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు చాలు. వేడి పెరిగితే పెంపకం షెడ్డులో తడి గోనెపట్టాలు కడతారు. పురుగు ప్రాణానికి ఎంత కావాలో అంతే ఇస్తారు; పెరిగినా తగ్గినా నష్టమే. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తొలి ఆధునిక ఏసీని రూపొందించినప్పుడూ లక్ష్యం అలాంటిదే, కాగితం తేమకు సాగకుండా చూడటం. పురుగుకూ కాగితానికీ కొలత ఉంది. మనిషి సుఖానికే కొలత లేకుండా పోయింది. 2020 జనవరి నుంచి భారతదేశంలో అమ్మే స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న ప్రభుత్వ నిబంధన, తెలిసో తెలియకో, ఒక పరిమాణ వ్రతంలాగే పనిచేస్తుంది.

ఇరుకు షెడ్డు తప్ప గతిలేనప్పుడు ధర్మం బిగింపు వివరాల్లోనే ఉంటుంది. యూనిట్‌ను నేలకు ఆనించకుండా గోడకు ఎత్తున స్టాండు మీద పెట్టి, ఫ్యాన్ ముఖాన్ని వీధి వైపు షట్టరు పైభాగంలో అమర్చిన గ్రిల్లుకు ఎదురుగా ఉంచితే, వేడి గాలి మనుషుల తలల పైనుంచి పోతుంది. వెనక గాలి పీల్చుకునే ఖాళీ, మెకానిక్ చెయ్యి దూర్చే ఖాళీ వదలాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ కొంతమేరకు మండే గుణం కలది, గాలికన్నా బరువైనది. కారితే నేల మీదే పేరుకుంటుంది కనక షెడ్డు అడుగునా గాలి పోయే దారి ఉండాలి. రాగి పైపులు పడకగదిలోకి వెళ్లే కన్నాన్ని పూర్తిగా మూసెయ్యాలి, లేకపోతే కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రపోయేవాళ్ల దగ్గరికి చేరుతుంది. అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో ఏసీలో ఇంట్లోకి గాలిని పంపే భాగం గరాజులో ఉండటం మామూలే. గరాజు గాలిని ఇంట్లోకి లాగకూడదన్నది అక్కడి నిర్మాణ నియమాల్లో గట్టి నియమం. అన్నిటికన్నా ముందు, స్లాబు పైన తెల్ల సున్నమో కూల్ పెయింటో వేస్తే తోడవలసిన వేడే తగ్గుతుంది. చిన్న ఏసీ సరిపోతుంది.

చివరగా మిగిలేది సమ్మతి విషయం. పక్కింటివాళ్లు సమానులు కనక అడుగుతారు, పోట్లాడతారు, యూనిట్ దిశ మార్పిస్తారు. షెడ్డు వార గదిలో అద్దెకున్నవాళ్లు, కాపలా మనిషి అలా అడగలేరు. వాళ్లు నోరు విప్పకపోవడం ఒప్పుకోలు కాదు. కాబట్టి ఏసీ బిగించాక ఒక రాత్రి షట్టరు దించి, మిషన్ నడుస్తుండగా యజమానే ఆ షెడ్డులో కాసేపు కూర్చుని చూడాలి. అక్కడ తాను నిద్రపోలేనంత వేడి ఉంటే గ్రిల్లు పెద్దది చేయించే ఖర్చు, లేదా మంచానికి ఇంట్లో వేరే చోటు చూపించే బాధ్యత అతనిదే.